మంచం పట్టేంత జాగా

మా ఇంట్లో ఏ వస్తువుకూ చావు లేదు. విరిగితే విరిగినట్టే ఉంటుంది, చెడితే చెడినట్టే ఉంటుంది, గడప మాత్రం దాటదు. నేను గద్వాలలో చీరలు నేసేవాణ్ని. పొద్దున లేస్తే తెగిన దారాన్ని ముడేసుకుంటూ బతికేవాణ్ని, తెగిన చెప్పును మాత్రం ఎలా పారేస్తాను అన్నది నా వాదన. ఈ వాదనను మా ఇంటామె పెళ్లయిన నాటి నుంచీ వింటోంది. ఇంతవరకూ ఒప్పుకోలేదు.

ఇల్లు పెద్దదేమీ కాదు. ముందు గదిలో మగ్గం, వెనక వంటగది, రెంటికీ నడుమ ఇంకో గది. ఆ నడిమి గదిని గది అనడమే దానికి ఎక్కువ. నూలు వచ్చిన అట్టపెట్టెలు, జరీ చుట్టి వచ్చిన ప్లాస్టిక్ రీళ్లు, నూలు చుట్టే ఖాళీ కండెలు నింపిన బస్తా, తిరగని ఫ్యాను, ఆ ఫ్యాను కోసం కొన్న కొత్త రెగ్యులేటరు, గొడుగు ఊచలు, తాళాలు ఎటో పోయి మిగిలిన తాళంచెవులు దాచిన బిస్కట్ల డబ్బా, ఎవరెవరివో పెళ్లి కార్డులు. పెళ్లి కార్డులు ఎందుకంటే, ఆ అట్ట గట్టిగా ఉంటుంది, దేనికైనా పనికొస్తుంది. ఆ గదిలోకి పక్కకు తిరిగి వెళ్లాలి, వచ్చేటప్పుడు వెనక్కి నడుచుకుంటూ రావాలి. మాకు అలవాటైపోయింది.

ఒకరోజు మా ఇంటామెకు ఫోను వచ్చింది. వాళ్లక్క, అంటే నాకు వదిన, పుణె దగ్గరెక్కడో బిల్డింగు పనిలో మెట్ల మీద జారిపడి మోకాలిచిప్ప పగలగొట్టుకుంది. అక్కడి దవాఖానలో కట్టు కట్టించుకుని సొంతూరికి వచ్చి పడి ఉందట. వాళ్లది ఉప్పునుంతల వైపు పల్లె. పుట్టుకకు నేత ఇల్లే గానీ, వాళ్ల నాన్న కాలంలోనే మగ్గం గుంత పూడ్చేసి కూలికి దిగారు. మా ఇంటామె నన్ను చేసుకుని మళ్లీ మగ్గం దగ్గరికి వచ్చింది. వదిన మాత్రం ఊళ్లు పట్టుకుని తిరిగింది. భర్త పోయాడు, పిల్లలు లేరు. పని ఎక్కడుంటే అక్కడ రేకుల షెడ్డు, అది అయిపోతే మూట నెత్తిన పెట్టుకుని ఇంకో ఊరు. మా ఇంటికి ఎప్పుడొచ్చినా ఒక్క పూటే. చాయ్ తాగిన గ్లాసు కింద పెట్టకముందే లేచి నిలబడేది.

"అక్కను ఈడికి తోల్కొస్త" అంది మా ఇంటామె.

"తోల్కరా, ఎవరొద్దన్నరు."

"యాడ పండుకుంటది? కాలు మడవద్దన్నరంట. కింద కూసోరాదు. మంచం కావాలె. మంచం యాడ ఏస్తవు, నీ నెత్తి మీదనా?"

నడిమి గదిలోకి తొంగి చూశాను. మంచం మాట దేవుడెరుగు, పిల్లి పడుకోవడానికి కూడా జాగా లేదు.

"కాలు అతికేదాంక ఉండాలె అది. తొందరపడి మళ్ల పనికి పోయిందంటే జన్మంత కుంటుడే" అంటూ కొంగుతో కళ్లు ఒత్తుకుంది. మా ఇంటామె ఏడిస్తే నాకు మగ్గం మీద చేతులాడవు. సర్దుదాం పద అనేశాను. ఆ మాట ఎంత దూరం పోతుందో అప్పటికి నాకు తెలియదు.

ఇల్లు సర్దడం ఎలాగో ఆమె ఫోనులో వీడియోలు చూడటం మొదలుపెట్టింది. తెల్లటి గోడల ఇంట్లో కూర్చుని ఒకామె చెబుతోంది, ప్రతి వస్తువునూ చేతిలోకి తీసుకుని ఇది నాకు సంతోషం ఇస్తుందా అని మనసును అడగాలట. మా ఇంటామె ఫ్యాను రెక్క ఒకటి చేతిలోకి తీసుకుని కాసేపు అలాగే నిలబడింది. "మనసు ఏం చెప్తలేదు. నడుము మాత్రం పారెయ్యమంటుంది" అంది. వీడియో ఆపేసి తనే ఒక పద్ధతి పెట్టింది.

ఆ పద్ధతి ఏమిటంటే, నేను దేన్నైనా పట్టుకుని "పనికొస్తది" అన్నానంటే, ఏ నెలలో పనికొస్తుందో చెప్పాలి. చెప్పలేకపోతే అది వాకిట్లోకి పోవాలి.

"ఈ గొడుగు ఊచలు?"

"పనికొస్తయి."

"నెల చెప్పు."

"వానాకాలం."

"నెల అడిగితె కాలం చెప్తవు. గుడ్డ లేని గొడుగు వానల ఏం ఆపుతది? వాకిట్ల ఎయ్యి."

తాళంచెవుల డబ్బా దగ్గర నేను గట్టిగా నిలబడ్డాను. చెవిని పారేసిన మర్నాడే దాని తాళం దొరుకుతుంది, ఇది నా అనుభవం. "కార్తీకం" అన్నాను ధీమాగా. "ఏ ఏడు కార్తీకం?" అంది. ఇలాంటి మనిషి దగ్గర వాదించి గెలిచినవాడు లేడు. డబ్బా వాకిట్లోకి పోయింది.

పాత సామాన్ల బండివాడు మైకులో గొంతు మోగించుకుంటూ వచ్చి మా వాకిలి ముందు ఆగాడు, ఇక కదల్లేదు. పెళ్లి కార్డులు ఎక్కించేటప్పుడు అందులో మా సొంత పెళ్లి కార్డు ఒకటి కనపడితే తీసి జేబులో పెట్టుకున్నాను. తర్వాత రెగ్యులేటరు తీసుకున్నాను, అది కొత్తది గనక. ఆమె లోపలికి వెళ్లిన సందు చూసుకుని తాళంచెవుల డబ్బా కోసం చెయ్యి పెట్టాను. బండివాడు నన్ను కిందా మీదా చూసి, "పెద్దాయనా, నువ్వు అమ్మేటోనివా, కొనేటోనివా?" అన్నాడు. నాకు ఒళ్లు మండింది. డబ్బా మాత్రం చంకలో పెట్టుకునే లోపలికి వచ్చాను.

ఇక మిగిలింది దూలానికి వేలాడే అచ్చులు. మగ్గం మీద దారాలు చిక్కుపడకుండా వరసగా నడవాలంటే ఒక్కో దారం సూది బెజ్జం లాంటి ఒక్కో కంటిలోంచి దూరి, దువ్వెన లాంటి పన్నె పళ్ల సందుల్లోంచి బయటికి రావాలి. ఆ కళ్లూ పన్నే కలిపి మేము అచ్చు అంటాం. ఒక రకం చీరలు ఆగిపోతే ఆ అచ్చును విప్పి దూలానికి కట్టేస్తాం. మా నాన్న నేసిన పెద్దంచు చీరల అచ్చు నుంచి మొదలుపెట్టి చాలా ఉన్నాయి. ఒక్కోదాని వెనక రంగు వెలిసిన దారాల కుచ్చు జానెడు పొడుగున వేలాడుతుంది. తెలియనివాళ్లు చూస్తే బూజు దులిపే కర్రలు అనుకుంటారు.

మా ఇంటామె వాటి వంక చూసింది. నేను అడ్డం నిలబడ్డాను.

"నెల అడగద్దు. ఇవి నెలకు దొరికేటివి కావు" అన్నాను.

ఆమె కూడా ఈ మగ్గం నీడన ఇన్నేళ్లు కండెలు చుట్టిన మనిషే. అచ్చుల జోలికి రాలేదు. "మంచం ఏసేది కిందనే గద, మీద ఏముంటే ఏంది" అని వదిలేసింది. ఇంత జరిగాక గదిలో మంచం పట్టింది. దాని పక్కన నలుగురు కూర్చునేంత జాగా కూడా మిగిలింది. గోడకున్న గూడును తుడిచి, న్యూస్‌పేపరు పరిచి, ఇది అక్కకు అంది. సున్నం కూడా వేయించింది. నాకు ఆ గదిలోకి పక్కకు తిరక్కుండా నడవడం కొన్నాళ్లు చేతకాలేదు.

మా ఇంటామె వెళ్లి అక్కను తీసుకొచ్చింది. నాగర్‌కర్నూల్‌లో ఒక బస్సు, వనపర్తిలో ఇంకో బస్సు మారి దిగారు. వదిన చేతికర్ర పట్టుకుని, సిమెంటు సంచితో కుట్టిన మూట చంకకు వేసుకుని వాకిట్లో నిలబడింది. పొడుగాటి మనిషి, ఎండకు కాలిన మొహం, గొంతు మాత్రం వీధి చివరిదాకా వినపడుతుంది.

"బస్సుల కాలు సాపుకొని, పెబ్బేరు సంతకు తోల్కపోయే బర్రె తీరుగ వచ్చిన మర్దీ. జనమంత నా కాలు దాటి దాటి పరేషానయిండ్రు" అంది. తర్వాత నడిమి గదిలోకి చూసి గుమ్మంలోనే ఆగిపోయింది. "ఏందిది, సామానంత యాడ పోయింది? దొంగలు పడ్డరా?"

"నీ చెల్లెలే పడ్డది" అన్నాను.

వదిన నవ్వింది. నవ్వుతూనే మంచం మీద కూర్చుని, మూటను మంచం కిందికి తోసింది. విప్పలేదు.

మర్నాడూ విప్పలేదు. అవసరమైన చీర ఒకటి బయటికి లాగి, మళ్లీ ముడి బిగించేది. దువ్వెన వాడగానే మూటలోకి, గ్లాసు కడగగానే మూటలోకి. పొద్దున లేస్తే కప్పుకున్న దుప్పటి మడిచి దాన్ని కూడా అందులోనే కుక్కేది. గూట్లో పరిచిన న్యూస్‌పేపరు మడత నలగలేదు. మా ఇంటామె రోజూ ఆ గూడు వైపు చూసేది.

చివరికి అడిగేసింది. "అక్కా, ఆ మూట విప్పరాదా. గూడు నీకోసమే తుడ్చిన గద."

"అలవాటు లేదే. మేస్త్రీ ఎప్పుడు లారీ తెస్తడో తెల్వదు. మూట కట్టే ఉంచాలె." తెల్లటి గోడల వైపు చూసి, "ఈ గది జర దవాఖాన తీరుగుంది. ఏది ముట్టుకుంటే ఏమంటరోనని అన్పిస్తది" అంది.

మా ఇంటామెకు ఎంత కోపం వచ్చిందో చెప్పలేను. ఇల్లంతా తిరగేసి, నాతో రోజూ పోట్లాడి, సున్నం వేయించి చేసిన గదికి వచ్చిన మెప్పు అది. నేను మగ్గం గుంతలో కూర్చుని తల వంచుకుని నవ్వుకున్నాను. ఆ నవ్వు ఎక్కువసేపు నిలవలేదు. ఆ సాయంత్రమే మేస్త్రీ ఫోను చేశాడు, వదిన గొంతు ముందు గదిలోకి వినపడింది. "నడుస్తున్న, మంచిగనే నడుస్తున్న. ఈ నెలలనే వస్త. నా జాగల ఎవ్వర్ని పెట్టకు" అంటోంది. అప్పటికి ఆమె కర్ర లేకుండా వంటగదిదాకా కూడా పోలేదు.

మా ఇంటామె పొయ్యి కట్టేసి వచ్చి మగ్గం పక్కన నిలబడింది. "నువ్వు చెప్పు. నా మాట ఇనదు. మర్ది మాటంటే జర గౌరవముంది దానికి."

నాకు ఇలాంటి మాటలు చెప్పడం రాదు. నూలు గురించి ఎంతసేపైనా మాట్లాడగలను. అయినా ధైర్యం చేసి లోపలికి వెళ్లాను. "వదినా, నీకు నడవొస్తదా?" అన్నాను. "నడుచుకుంటనే గద మీ ఇంట్లకొచ్చిన" అంది. వెళ్లిన దారినే తిరిగొచ్చాను. మా ఇంటామె చూపు చూస్తే, ఆ పూట నాకు అన్నం పెడుతుందన్న నమ్మకం కూడా పోయింది.

అలాంటి సమయంలో వనపర్తి నుంచి బట్టల దుకాణదారు ఫోను చేశాడు. ఎవరో పెళ్లివాళ్లు తమ అవ్వ కట్టిన పెద్దంచు చీర లాంటివే కావాలంటున్నారట. బచ్చలిపండు రంగు, నడుమ నూలు, అంచుకు పట్టు. నేను లేచి నిలబడి, నేరుగా వంటగదిలోకి వెళ్లాను.

"నెల దొరికింది" అన్నాను.

"దేనికి?"

"మా నాయిన అచ్చుకు."

ఆ రోజు నేను నడిచిన నడక ఎవరైనా చూసి ఉంటే, జిల్లా అంతటికీ నేనే పెద్దమనిషినని అనుకునేవారు. స్టూలు వేసుకుని దూలం మీది అచ్చును దింపాను. దుమ్మంతా వదిన మీద, కొత్త సున్నం మీద పడింది. మా ఇంటామె పళ్లు కొరుక్కుంది గానీ, పని వచ్చింది కాబట్టి ఊరుకుంది.

కొత్త పడుగు, అంటే మగ్గం మీద నిలువుగా సాగే దారాలు, వచ్చాక దాన్ని పాత అచ్చుకు అతకాలి. మా ఇంట్లో అతికేది మా ఇంటామే. మామూలుగా ముందు గదిలో కూర్చుంటుంది, ఈసారి అక్కను ఒంటరిగా వదలడం ఇష్టం లేక నడిమి గదిలోనే పెట్టుకుంది. అచ్చును మంచం కోళ్లకు కట్టి, కొత్త పడుగు కొసను కిటికీ ఊచలకు కట్టాను. వేళ్లకు బూడిద అద్దుకుని, పాత కుచ్చులోంచి ఒక దారం, కొత్త పడుగులోంచి ఒక దారం తీసి, రెండు కొసలూ కలిపి నలపాలి. తర్వాత ఇంకో జత. అలా చివరిదాకా. వదిన కాలు చాపుకుని, తలగడకు ఆనుకుని చూస్తూ కూర్చుంది. చూసి చూసి ఆమెకు విసుగొచ్చింది.

"గింత బాధ యాంటికి? పాతది కత్తెరతోని కోసి పడేసి, కొత్తది కొత్తగ ఎక్కియ్యరాదా?"

"కోస్తె కత మళ్ల మొదటికొస్తది వదినా" అన్నాను. "ఒక్కొక్క దారం మళ్ల కంట్లకెళ్లి తియ్యాలె, పన్నెలకెళ్లి తియ్యాలె. కొస ఉంచితె గా బాధ లేదు. కొసకు కొత్తది అతికి మెల్లగ గుంజితె, పాతదాని ఎంబడే తొవ్వ పట్టుకొని వస్తది."

"అంటే చీర అయిపోయినా అంత తెంపరు."

"తెంపం. జానెడు ఇడిసిపెడ్తం."

"ఎన్నేండ్లకు?"

"ఎన్నేండ్లకైనా. మా నాయిన ఇడిసిందానికే గద ఇప్పుడు అతుకుతున్నం."

వదిన దూలానికి మిగిలిన కుచ్చుల వైపు తలెత్తి చూసింది. "మా కాడ గట్ల కాదు మర్దీ. పని అయిపోతె షెడ్డు సుత పీకేస్తరు. మళ్ల ఆ తొవ్వల పోతె, మనం పండుకున్న జాగ యాడుండెనో గుర్తు దొర్కది" అంది. ఆమె నవ్వుతూనే అంది. నాకు మాత్రం నవ్వు రాలేదు. ఆ మనిషి కట్టిన ఇళ్లలో ఎంతమంది ఉంటున్నారో అనుకుంటే బాధేసింది.

ఆమె చేతులు ఖాళీగా ఉండలేని చేతులు. ఆ మధ్యాహ్నమే బూడిద పళ్లెం తన వైపు లాక్కుంది. మొదట ఆమె నలిపిన దారాలు అన్నీ ఊడిపోయాయి. సిమెంటు తట్టలు మోసిన వేళ్లకు పట్టుదారం ఆనడం లేదు. "గట్ల కాదు వదినా, మెల్లగ" అంటే, "మెల్లగనే చేస్తున్న, నువ్వు మీద నిలబడితె చేతులు వణుకుతున్నయి, అవతలికి పో" అని కసిరింది. నేను కూడా ఊరుకునే రకం కాదు. దారం దారానికీ మా ఇద్దరికీ తగాదా. మా ఇంటామె నడుమ కూర్చుని ఎవరి వైపూ మాట్లాడకుండా తన దారాలు తను నలుపుకుంది.

రెండు మూడు రోజులకు వదినకు చెయ్యి తిరిగింది. తిరగడంతోనే నోరు కూడా తిరిగింది. లిఫ్టు ఇంకా పెట్టని బిల్డింగులో ఎక్కడానికి జడిసిన ఇంజినీరు సంగతి, మరాఠీ రాక ఉప్పు అడగబోయి ఊరంతా తిరిగిన సంగతి చెబుతూ అతికేది. పక్కింటి ఆడవాళ్లు కూడా వచ్చి మంచం చుట్టూ కూర్చునేవాళ్లు. గది నిండా దారపు ముక్కలు, చాయ్ గ్లాసులు, బూడిద పళ్లెం, కండెల బుట్ట. పళ్లెం కింద ఏదో ఎత్తు కావాలంటే నేను తాళంచెవుల డబ్బా తెచ్చి పెట్టాను. దాన్ని చూసి మా ఇంటామె కనుబొమ్మ లేపింది. "చూసినవా, నెల వచ్చింది" అన్నాను.

ఇంతలో మూట సంగతి ఎవరికీ గుర్తు లేదు. చేతులు తుడుచుకోవడానికి పాత చీరముక్క కావాలని వదిన ఒకసారి ముడి విప్పింది. తర్వాత దువ్వెన కోసం విప్పింది. మాటిమాటికీ ముడెవరు వేస్తారని దువ్వెనను గూట్లో పెట్టింది. దాని పక్కన అద్దం వచ్చింది, అద్దం పక్కన ఆమె స్టీలు గ్లాసు. ఒకరోజు చూస్తే సిమెంటు సంచి ఖాళీగా, మడిచి మంచం కింద ఉంది. మా ఇంటామె నన్ను మోచేత్తో పొడిచి గూడు చూపించింది. ఆ గదిని అంత శుభ్రంగా ఉంచాలని ప్రాణం తీసిన మనిషి, ఆ చెత్తను దాటుకుంటూ, పాట ఒకటి లోపల్లోపల పాడుకుంటూ వంటగదిలోకి పోయింది. నాకు ఆమెను చూస్తే చాలా సంతోషమేసింది.

మేస్త్రీ మళ్లీ ఫోను చేశాడు. "ఇప్పుడు రాను. నా చేతిల పనుంది" అంది వదిన. అంతే, పెట్టేసింది.

మొదటి చీర మగ్గం దిగేసరికి ఆమె కర్ర మూలకు చేరింది. డాక్టరు కాలు మడిచి, చాపి చూసి, ఇక బరువు పెట్టొచ్చు అన్నాడు. అప్పటికి వాళ్ల ఊరి వైపు పత్తి తీతలు మొదలయ్యాయి. బిల్డింగుల జోలికి పోననీ, ఊళ్లోనే ఉండి పత్తి తీస్తాననీ వదిన చెల్లెలి చేతిలో చెయ్యి వేసి చెప్పింది. ఇంకా కొన్నాళ్లుండు అని మా ఇంటామె ఎంత అడిగినా, "కూసోని తింటె కాలు కాదు, మనిషి కుంటిదైతది" అని నవ్వేసింది. ఒకరోజు పొద్దున సంచి చంకకు వేసుకుని బస్సెక్కింది. ఈసారి నిటారుగా నడిచి ఎక్కింది.

ఇంటికొచ్చాక మా ఇంటామెకు ఏమీ తోచలేదు. దుఃఖం వస్తే ఆమె ఇల్లు సర్దుతుంది. చీపురు పట్టుకుని నడిమి గదిలోకి వెళ్లి, గూడు ముందు ఆగిపోయింది. దువ్వెన, గ్లాసు, మడిచిన చీర ఒకటి అక్కడే ఉన్నాయి. వెంటనే ఫోను చేసింది. వదిన ఇంకా బస్సులోనే ఉంది, వెనక కండక్టరు అరుపులు వినపడుతున్నాయి.

"అక్కా, నీ గిలాస ఈడనే మర్సిపోయినవు. దువ్వెన సుత. చీర సుత."

"మర్వలే."

"మరి?"

"కొస ఇడిసిపెట్టిన. అంత తెంపుకొని పోతె మళ్ల మొదటికెళ్లి ఎక్కియ్యాలంట గద. తెల్వకుంటే మర్దిని అడుగు."

మా ఇంటామె ఫోను పెట్టేసి, గ్లాసును కొంగుతో తుడిచి, ఎక్కడున్నదాన్ని అక్కడే పెట్టింది. తర్వాత మళ్లీ చీపురు అందుకుంది. నాకు ఇంతకాలానికి ఒక అవకాశం దొరికింది, వదులుకుంటానా. గుమ్మంలో నిలబడి, గొంతు సవరించుకుని అడిగాను.

"ఈ గిలాస ఎప్పుడు పనికొస్తది? నెల చెప్పు."

ఆమె ఊడుస్తూనే ఉంది, తలెత్తలేదు. "పత్తి అయిపోంగనే" అంది.